ప్లాస్టిక్కు జాతిని తెలుపు యంత్రనేత్రము

తూర్పారబట్టిన ధాన్యమునకు ఒక వెల, తాలుతో కలిసిన ధాన్యమునకు మరియొక వెల అను సంగతి పంచాయతీ సభ్యులకు మేము చెప్పవలసిన పని లేదు. గాలికి తాలు ఎగిరిపోవును. గింజ కుప్పపై నిలుచును. జల్లెడలో మట్టి జారిపోవును. చేటలో రాళ్ళు వేరగును. బరువు, పరిమాణము, రంగు - ఈ మూడింటిలో ఏదో యొక భేదము ఉన్నచో మన చేయి, మన కన్ను వస్తువులను వేరు చేయగలవు. ఈ మూడింటిలోను భేదము తెలియని వస్తువులను వేరు చేయుట ఎట్లు? నేడు అనేక గ్రామముల చెత్త షెడ్లలో ఈ ప్రశ్న బస్తాలకొలది నిలువయున్నది.

ఒక షెడ్డులో మేము చూచినది

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు వెళ్ళియుంటిమి. పంచాయతీవారు కట్టించిన షెడ్డులో ఖాళీ సీసాల బస్తాలు గోడ ఎత్తున పేర్చియుండెను. పాత సామాను కొను వ్యాపారి వచ్చి, రెండు బస్తాలను నేలపై గుమ్మరించి చూచి, తల అడ్డముగా ఊపెను. నీటి సీసాల నడుమ గొట్టపు ముక్కలు, చిరిగిన ఫ్లెక్సీ పేలికలు, మాత్రల అట్టలు, అడుగున మందు మిగిలియున్న పురుగుమందు సీసా యొకటి బయటపడినవి. కొన్ని సీసాలలో బురదనీరు నిలిచియున్నది. సీసాలకిచ్చు వెల ఇవ్వజాలననియు, మొత్తము కలగలుపు చెత్త క్రింద నైనచో తీసికొందుననియు అతడు చెప్పెను.

ఆ బస్తాలను నింపిన పారిశుధ్య కార్మికురాలు ప్రక్కనే నిలుచుండి, "అయ్యా, తెల్లారకముందే లేచి ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చాను. అన్నీ ఒకే తీరుగా మెరుస్తుంటాయి. ఏది ఏ ప్లాస్టిక్కో నా కంటికి ఎట్లా తెలుస్తుంది?" అని అడిగెను. "మా కంటికి కూడా తెలియదమ్మా" అని మేము ఉన్నమాటే చెప్పితిమి. ఆమె ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము తెలిసికొన్న విషయములను ఈ పాఠమున సభ్యుల ముందుంచుచున్నాము.

పేరొకటే, జాతులు అనేకము

చెక్క యనగా టేకు, వేప, తుమ్మ, మామిడి అన్నియు అందులో చేరినట్లే, ప్లాస్టిక్కు అను పేరులో అనేక జాతులు చేరియున్నవి. నీళ్ళు, శీతల పానీయములు అమ్ము పలుచని సీసా పెట్ అను జాతి. పాల ప్యాకెట్టు పాలిథీను. ఎరువుల బస్తా నేయు పట్టీ పాలిప్రొపిలీను. బోరు గొట్టము, ఫ్లెక్సీ బ్యానరు పి.వి.సి. అను జాతికి చెందినవి. థర్మోకోలు పాలిస్టైరీను. కొన్ని వస్తువుల అడుగున త్రికోణములో 1 మొదలు 7 వరకు అంకె అచ్చువేసియుండుట సభ్యులు గమనించియుందురు. అమెరికాలోని ప్లాస్టిక్కు పరిశ్రమల సంఘము 1988లో ప్రవేశపెట్టిన గుర్తులు ఇవి. 1 అనగా పెట్, 3 అనగా పి.వి.సి., 5 అనగా పాలిప్రొపిలీను. కాని నలిగి, చిరిగి, ముక్కలైన సామానుపై ఆ అంకె వెదకుట సాధ్యము కాదు.

జాతులు కలిసిన నేమి నష్టము అని సభ్యులు అడుగవచ్చును. పాత సీసాలను కరిగించి క్రొత్త దారము గాని, క్రొత్త సీసా గాని చేయుటకు పెట్‌ను సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు పైకి కాచవలెను. పి.వి.సి. అంతవేడికి తాళలేదు. చాల ముందుగనే విచ్ఛిన్నమై, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని వెడలించును. ఆ ఆవిరి పెట్‌ను బలహీనపరచును. దాని రంగు చెడగొట్టును. యంత్రముల లోహమును సైతము తినివేయును. సీసాల రాశిని పాడుచేయుటకు స్వల్పమైన పి.వి.సి. చాలును. వ్యాపారి తల అడ్డముగా ఊపుటకు కారణమిదియే.

నీటిలో వేసి వేరు చేయరాదా? కొంతవరకు చేయవచ్చును. పాలిథీను, పాలిప్రొపిలీను నీటికంటె తేలికైనవి గనుక తేలును. పెట్ నీటికంటె బరువైనది గనుక మునుగును. కాని పి.వి.సి. కూడ మునుగును. ఆ రెండింటి సాంద్రతలును దాదాపు సమానములు. నీటి తొట్టె ఇచ్చట తీర్పు చెప్పజాలదు. చేతికి అందని, నీటికి లొంగని ఈ భేదమును పట్టుకొనుటకే పారిశ్రామికులు వేరొక కన్నును ఆశ్రయించిరి.

కంటికి కనబడని వెలుగు

సూర్యకాంతిని గాజు పట్టకము గుండా పంపినచో ఊదా మొదలు ఎరుపు వరకు రంగులు వరుసగా పరచుకొనును. 1800 సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ రంగుల వెచ్చదనమును ఉష్ణమాపకముతో కొలుచుచు, ఎరుపునకు ఆవల, ఏ రంగును కనబడని చోట కూడ ఉష్ణమాపకము పైకెక్కుట గమనించెను. 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్నవాడును ఆయనయే. ఎరుపునకు ఆవల నున్నవి గనుక ఆ కిరణములను పరారుణ కిరణములందుము.

ఈ వెలుగు మన ఇండ్లలోనే కలదు. టెలివిజను రిమోటును సెల్‌ఫోను కెమెరాకు ఎదురుగా పట్టి మీట నొక్కి చూడుడు. రిమోటు మొనయందు మన కంటికి ఏమియు కనబడదు. కాని అనేక ఫోనుల తెరపై చిన్న వెలుగు మిణుకుమిణుకుమనును. మన కన్ను చూడలేని దానిని కెమెరా చూచుచున్నదన్న మాట. వెలుగు తరంగముల పొడవును నానోమీటర్లలో కొలుచుదురు. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. మన కన్ను సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు మాత్రమే చూడగలదు. ప్లాస్టిక్కును వేరుచేయు కెమెరాలు ఎక్కువగా 900 నుండి 1,700 వరకు గల సమీప పరారుణ భాగమును చూచును.

ఇచ్చట ఒక అపోహ తొలగవలెను. కోవిడ్ కాలమున నుదుటి ఎదుట పట్టి జ్వరము చూచిన పరికరము కూడ పరారుణ కిరణములతోనే పనిచేసినది. అది శరీరము తానై వెడలించు వేడిని కొలుచును. మేము చెప్పుచున్న కెమెరా వేడిని కొలుచునది కాదు. దీపపు వెలుగు వస్తువుపై పడి తిరిగివచ్చునప్పుడు అందులో ఏ భాగము తగ్గినదో చూచునది.

వస్తువు తన గుర్తును ఎట్లు తెలుపును?

ఉయ్యాలను దాని ఊపునకు సరియైన సమయమున తోసినచో కొద్దిపాటి బలముతోనే ఎత్తుగా ఊగును. లయ తప్పి తోసినచో ఊగదు. పదార్థములోని పరమాణువుల నడుమనున్న బంధములు కూడ ఇట్టి ఉయ్యాలల వంటివి. ప్రతి బంధమునకు తనదైన ఊపు కలదు. ఆ ఊపునకు సరిపడు వెలుగు పడినప్పుడు బంధము దానిని మ్రింగివేయును. తక్కిన వెలుగు తిరిగివచ్చును. ప్లాస్టిక్కులలోని కార్బన్, హైడ్రోజన్ బంధములు 1,200 నానోమీటర్ల దరిని, 1,700 నానోమీటర్ల దరిని వెలుగును మ్రింగును. అయితే ఆ బంధముల చుట్టునున్న నిర్మాణము జాతి జాతికి భిన్నము గనుక, మ్రింగు చోటు కొంచెము అటునిటు జరుగును, లోతు హెచ్చుతగ్గులగును. పెట్ గీచిన గీత ఒక రీతి, పి.వి.సి. గీచిన గీత మరియొక రీతి. రెండును మన కంటికి గాజువలె తెల్లగనే కనబడినను, ఈ వెలుగులో వాటి వేలిముద్రలు వేరు.

సామాన్యమైన కెమెరా ప్రతి బిందువునందు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులను మాత్రమే కొలుచును. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ప్రతి బిందువునుండి వచ్చిన వెలుగును నూటికి పైబడిన సన్నని పాళ్ళుగా విడదీసి ఒక్కొక్కటి కొలుచును. చిత్రముతో పాటు, చిత్రములోని ప్రతి చుక్కకు దాని వేలిముద్ర కూడ లభించును.

ఈ విద్య మొదట భూమిని ఆకాశమునుండి పరీక్షించుటకు పెరిగినది. తెలుగునాటనున్న శ్రీహరికోటకును దీనికిని సంబంధము కలదు. 2008 అక్టోబరు 22న అచ్చటనుండి బయలుదేరిన చంద్రయాన్-1 పై అమెరికావారు అమర్చిన ఇట్టి పరికరము చంద్రుని నేలపై నీటి జాడలను గుర్తించినట్లు 2009 సెప్టెంబరులో ప్రకటింపబడెను. 2018 నవంబరు 29న పి.ఎస్.ఎల్.వి.-సి43 రాకెట్టు అచ్చటనుండియే భూమిని పరిశీలించు హైసిస్ అను మన హైపర్‌స్పెక్ట్రల్ ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టెను. చంద్రునిపై నీటిని వెదకిన విద్యయే నేలపై చెత్తలో సీసాను వెదకుచున్నది.

యంత్రము పనిచేయు తీరు

బియ్యపు మిల్లులలో సార్టెక్స్ యంత్రమును చూచిన సభ్యులకు ఈ యంత్రము సులభముగా బోధపడును. అందు గింజలు ధారగా జారుచుండగా కెమెరా చూచును. రంగు మారిన గింజ కనబడినంతనే చిన్న గొట్టము గాలి చిమ్మి దానిని ప్రక్కకు నెట్టును. ప్లాస్టిక్కు యంత్రపు పద్ధతియు అదియే. అది రంగును చూచును. ఇది జాతిని చూచును.

మొదట సామాను అదురు పలకపై పడి, ఒకదానిపై నొకటి లేకుండ పలుచగా పరచుకొనును. పిమ్మట వెడల్పైన బెల్టు దానిని సెకనుకు రెండు మూడు మీటర్ల వేగమున తీసికొనిపోవును. పైనుండి హాలొజను దీపములు వెలుగు కుమ్మరించును. కెమెరా బెల్టునంతటిని ఒక్కసారి చూడదు. బెల్టునకు అడ్డముగా సన్నని గీతను మాత్రమే చూచును. బెల్టు కదలుచుండును గనుక గీత వెంట గీత చేరి పూర్తి చిత్రమగును. కంప్యూటరు ప్రతి చుక్క వేలిముద్రను, తనకు ముందుగా నేర్పిన నమూనాలతో పోల్చి, ఇది పెట్, ఇది పాలిథీను అని నిర్ణయించును. వస్తువు బెల్టు కొనకు చేరి గాలిలోనికి దూకిన క్షణమున, సరిగా దాని ఎదుటనున్న గాలి మీట తెరచుకొనును. కోరిన వస్తువు అడ్డుగోడకు ఆవల పడును. తక్కినవి ఈవల పడును.

ఇట్టి కెమెరాకు సామాన్యపు కెమెరాలోని సిలికాను బిళ్ళ పనికిరాదు. సిలికాను సుమారు 1,100 నానోమీటర్లకు మించి చూడలేదు. ఇండియం, గాలియం, ఆర్సెనిక్ కలిపి చేసిన వేరొక బిళ్ళ కావలెను. ఖరీదు హెచ్చుటకు అది యొక కారణము. కెమెరాను నడుపువారు తెల్లని పలకను చూపి దానిని సరిచూచుకొనెదరు. తూకమునకు ముందు ఖాళీ తక్కెడను సరిచూచుట వంటిదే ఇది.

జర్మనీ దేశపు అనుభవము

ఈ యంత్రములు విరివిగా పనిచేయుచున్న దేశములలో జర్మనీ యొకటి. ప్యాకింగు సామగ్రిని తయారుచేసినవారును, అమ్మినవారును దానిని తిరిగి తీసికొను బాధ్యత వహింపవలెనని 1991లో అచ్చట ఒక నియమావళి వెలువడెను. అది మొదలు అచ్చటి గృహస్థులు ప్యాకింగు ప్లాస్టిక్కును, రేకు డబ్బాలను పసుపురంగు సంచిలోనో, తొట్టెలోనో వేరుగా వేయుచున్నారు. ఆ సామాను కర్మాగారము చేరిన పిదప మొదట తిరుగు జల్లెడలు పరిమాణమును బట్టి వేరుచేయును. గాలి పలుచని సంచులను ఎగురగొట్టును. ఇది మన తూర్పారబట్టుటయే. అయస్కాంతము ఇనుమును లాగును. అటుపిమ్మటనే పరారుణ నేత్రము మిగిలిన ప్లాస్టిక్కును జాతులవారీగా విభజించును.

ఇందు మన మెరుగవలసిన ముఖ్యాంశమొకటి కలదు. అంతటి యంత్రములున్న దేశమున సైతము వేరుచేయుట ఇంటి గుమ్మము వద్దనే మొదలగుచున్నది. డబ్బాలను శుభ్రముగా కడుగుమని అచ్చట ఎవరును కోరరు. చెంచాతో గీకినట్లు ఖాళీ చేసినచో చాలునందురు. నీటి ఎద్దడిగల మన గ్రామములకు కూడ ఈ సూత్రము అనుకూలమైనది.

యంత్రము చూడలేనివి

ఈ కన్నునకు సర్వమును కనబడునని తలచుట పొరపాటు. మసి కలిపిన నల్ల ప్లాస్టిక్కు ఈ వెలుగునంతటిని మ్రింగివేయును. తిరిగివచ్చు వెలుగు లేనందున కెమెరాకు ఏమియు తెలియదు. బిందుసేద్యపు నల్ల గొట్టములు, పొలములో పరచు నల్ల షీట్లు, నల్లని నారు ట్రేలు ఇట్టివే. వాటిని గుర్తించుటకు ఇంకను పొడవైన పరారుణ తరంగములను చూచు వేరు కెమెరాలు కావలెను.

నీరు 1,450 నానోమీటర్ల దరిని వెలుగును గట్టిగా మ్రింగును. కనుక తడిసిన వస్తువు వేలిముద్ర చెదరును. బురద పట్టినచో కెమెరాకు బురదయే కనబడును. ఇది పైపొరను చూచునదే గాని లోపలకు దూరి చూచునది కాదు. సీసాను నిండుగా కప్పిన లేబులు ఉన్నచో లేబులు జాతినే చెప్పును. పలు పొరలు అంటించిన చిప్సు ప్యాకెట్టును గుర్తించినను, ఆ పొరలను విడదీయుట దాని వలన కాదు.

అన్నింటికంటె ముఖ్యమైన లోపము వేరొకటి. నీరు పోసిన పెట్ సీసా, పురుగుమందు పోసిన పెట్ సీసా - రెండింటి వేలిముద్రయు ఒక్కటే. సీసా జాతిని యంత్రము చెప్పును గాని, అది ఏ ఇంట, ఏ పనికి వాడబడినదో చెప్పజాలదు. ఆ సంగతి ఎరిగినవారు ఇద్దరే: వాడిన గృహస్థుడు, గుమ్మము వద్ద అందుకొన్న పారిశుధ్య కార్మికురాలు. వారు వేరు చేయనిచో ఆ విషము నీటి సీసాల రాశిలో కలిసిపోవును.

పంచాయతీలు చేయదగిన పని

"అయితే మేమీ యంత్రమును కొనవలెనా?" అని ఆ గ్రామపు సర్పంచి మమ్ము అడిగెను. అవసరము లేదని మేము చెప్పితిమి. ఇది ఒక్క గ్రామము భరింపదగినది కాదు. ఒక్క గ్రామపు చెత్తకు దానికి తగిన పనియు ఉండదు. ఇట్టి యంత్రములుండు పెద్ద కర్మాగారములకు మన బస్తాలు చేరదగిన స్థితిలో ఉంచుటయే మన పని.

2016 సంవత్సరపు ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు గ్రామ పంచాయతీలకు స్పష్టముగా కొన్ని బాధ్యతలను ఒప్పగించినవి. ప్లాస్టిక్కును వేరుచేసి సేకరించి నిలువచేయుట, తిరిగి పనికివచ్చు దానిని నమోదైన పునశ్శుద్ధి సంస్థలకు చేర్చుట, ప్రజలకు బోధించుట, బహిరంగముగా కాల్చకుండ చూచుట అందులోనివి. 2020లో ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండవ దశయందు బ్లాకు స్థాయిలో ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ కేంద్రములు ఉద్దేశింపబడినవి. గ్రామములు కొన్ని కలిసి సామాను చేర్చినచో లారీ నిండును. వ్యాపారి వద్ద బేరమునకు బలము చేకూరును.

షెడ్డునందు పాటింపదగిన పద్ధతులను ఈ క్రింద తెలుపుచున్నాము.

1. తడి చెత్తను, పొడి చెత్తను ఇంటివద్దనే వేరుగా తీసికొనవలెను. షెడ్డులో వేరు చేయుదమనుకొన్నచో తడి అన్నింటిని అంటుకొనును.

2. సీసాలలోని నీటిని వంపి, మూత తీసి, నీడన ఆరబెట్టి బస్తాలలో నింపవలెను. బస్తాలను వానకు తడియనీయరాదు.

3. పారదర్శకమైన నీటి, పానీయపు సీసాలకు ఒక బస్తా. పాల ప్యాకెట్లు, సంచులకు ఒకటి. గట్టి డబ్బాలు, మూతలకు ఒకటి ఉంచవలెను.

4. గొట్టపు ముక్కలు, ఫ్లెక్సీలు, కరెంటు తీగల తొడుగులు, మాత్రల అట్టలు సీసాల బస్తాలో పడనీయరాదు. వీటిలో అధికభాగము పి.వి.సి. నల్ల గొట్టములను, నల్ల షీట్లను వేరొక కుప్పగా ఉంచవలెను.

5. పురుగుమందు సీసాను రైతు పొలమునందే మూడుమారులు కడిగి, ఆ కడుగునీటిని స్ప్రేయరులోనే పోసి, సీసాకు రంధ్రము చేసి, తక్కిన చెత్తతో కలుపక వేరుగా ఒప్పగింపవలెను. ఇంటి వాడుకకు ఎన్నడును తీసికొనిపోరాదు.

6. అమ్ముడుపోని దానిని నిప్పుపెట్టి వదలించుకొనరాదు. పి.వి.సి. కాలినచో ఆమ్లపు ఆవిరియు, డయాక్సిన్లను విషములును వెలువడును. ఆ పొగ మొదట చేరునది షెడ్డులో పనిచేయువారి ఊపిరితిత్తులకే.

ముగింపు

ఆ కార్మికురాలి ప్రశ్నకు మాకు దొరికిన సమాధానమిది. ఆమె కంటికి తెలియని జాతి భేదమును యంత్రము తెలుపగలదు. యంత్రమునకు తెలియని దానిని, అనగా ఈ సీసా ఏ ఇంటినుండి వచ్చెనో, అందులో ఏమి పోసియుండిరో, ఆమె తెలుపగలదు. ఈ రెండు కన్నులును కలిసినప్పుడే చెత్తకు వెల వచ్చును. ఆమెకు మూడు బస్తాలు, రెండు చేతితొడుగులు, గుమ్మము వద్ద "ఇది కలపవద్దమ్మా" అని చెప్పగల అధికారము - ఇవి పంచాయతీ తీర్మానముతో సమకూరునవే. కళ్ళమున తూర్పారబట్టిన విద్య మన చేతులలో నున్నది. దానిని గుమ్మము వద్దకు తెచ్చుటయే మిగిలియున్నది.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. పెట్, పి.వి.సి.లను నీటి తొట్టెతో వేరు చేయుట ఎందుకు సాధ్యము కాదు?

2. పరారుణ కెమెరా గుర్తింపలేని వస్తువులలో మన గ్రామమున ఎక్కువగా దొరకునవి ఏవి?

3. మన షెడ్డులోని ఒక బస్తాను సభ్యుల ఎదుట గుమ్మరించి చూచినచో, వ్యాపారి దానిని సీసాల వెలకు తీసికొనునా?

4. పురుగుమందు సీసాలను మన గ్రామమున ఎవరు, ఎక్కడ, ఏ దినమున తీసికొనవలెను?

5. ఇరుగుపొరుగు పంచాయతీలతో కలిసి సామాను అమ్ముటకు ఎట్టి ఏర్పాటు అనుకూలము?